డిసెంబరు ఎనిమిది నాటి లాగ్‌షీట్

దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఎన్ని గంటలకు? ఎక్కడ నిలబడి చూశారు? ఇంకెవరు చూశారు? మూడో ప్రశ్న దాకా నిలిచిన దయ్యం నాకు డెబ్భై ఒక్క ఏళ్లలో తగల్లేదు. నమ్మకం మాట అటుంచి, వాటిని వినే ఓపిక కూడా నాకు లేదు.

అలాంటి నేను ఇది రాస్తున్నాను కాబట్టి ఆ మూడు ప్రశ్నలకూ జవాబులు దగ్గర పెట్టుకునే రాస్తున్నాను. నోటుబుక్కు నా పక్కనే ఉంది.

గోదావరి జిల్లాలో ఒక బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. గుమాస్తాగా చేరి కంట్రోలర్‌గా రిటైరయ్యాను. ఏ బస్సు ఎన్నింటికి కదిలింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందరు ఎక్కారు, ఎన్నింటికి తిరిగొచ్చింది, ఇవన్నీ లాగ్‌షీట్‌లో సరిచూడటం నా పని. డ్రైవరు తిరిగొచ్చి సంతకం పెట్టేదాకా ఆ షీటు మూయకూడదు. షీటు తెరిచి ఉందంటే బండి ఇంకా రోడ్డు మీద ఉన్నట్టు.

2020 ఫిబ్రవరిలో మూడు నెలలు ఉందామని జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో మా అమ్మాయి గ్రేస్ ఇంటికి వెళ్లాను. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మూడు నెలలనుకున్నది పదమూడు నెలలయింది.

మా అల్లుడు సుధాకర్ కార్ల కంపెనీలో ఇంజనీరు. అప్పటికి నలభై రెండేళ్లు. పెళ్లయిన పదకొండేళ్లలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు దాదాపు రెండే. "భోంచేశారా బాబూ?" అని నేను, "అయిందండీ అత్తయ్యా" అని అతను. మంచివాడే. వేళకి లేస్తాడు, చెత్త రంగుల వారీగా వేరుచేసి కిందికి దింపుతాడు, మా మనవరాలు హన్నా ఆన్‌లైన్ క్లాసుకి పక్కన కూర్చుంటాడు. కాని సాయంత్రం అయిదున్నరకి ఆఫీసు లాప్‌టాప్ మూసి, హాలు పక్కనున్న చిన్న గదిలోకి వెళ్లి, బల్లకి బిగించిన స్టీరింగు పట్టుకుని కంప్యూటర్లో బస్సు నడిపేవాడు. కింద మూడు పెడల్స్ కూడా.

"పగలంతా నిజం కార్లు, సాయంత్రం అబద్ధం బస్సు. ఏ జన్మలో ఏ ప్యాసింజర్ని వదిలేసొచ్చాడో!" అని గ్రేస్ వంటింట్లోంచి అరిచేది. "టికెట్ తీసుకుని మాట్లాడండి మేడమ్" అని లోపల్నుంచి జవాబు వచ్చేది.

ఆట నలభై అయిదు నిమిషాలు మించనని భార్యకి మాటిచ్చాడట. నాకు నమ్మకం కలగలేదు. ఏప్రిల్ నెలంతా గడియారం చూసి రాశాను. ఇరవై ఆరు సాయంత్రాల్లో మూడు సార్లే దాటాడు. ఎక్కువ దాటింది ఏడు నిమిషాలు. పట్టుకుందామని రాసిన లెక్క అతని పక్షాన తేలింది.

ఆ నెలాఖరున ఒకరోజు గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఉండలేక అన్నాను: "బాబూ, ఆ స్టాపులో బండి నిమిషం ముందే తీసేశారు."

అతను ఉలిక్కిపడి తిరిగాడు. "ఎవరు చూశారు అత్తయ్యా?"

"నేను చూశాను."

మర్నాడు ఆ గదిలో నాకో కుర్చీ వేసి ఉంది. హన్నా గళ్ల పుస్తకంలో నేను గీతలు కొట్టి లాగ్‌షీట్ తయారుచేశాను. ఆ తెర మూల అన్నీ కనిపిస్తాయి: తిరిగిన కిలోమీటర్లు, బస్సులో ఉన్నవాళ్ల సంఖ్య, చివరి స్టాపుకి ఎంత దూరం. గట్టిగా బ్రేకు వేస్తే రిమార్కుల గడిలో రాసేదాన్ని. "కంట్రోలర్ గారూ, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి, పిల్లలు గలవాణ్ణి" అనేవాడు. వదిలేదాన్ని కాదు. ప్రతి ట్రిప్పు చివరా సంతకం పెట్టించేదాన్ని. పదకొండేళ్లలో మాట్లాడని మాటలు ఆ వేసవిలోనే మాట్లాడుకున్నాం.

దూరపు ట్రిప్పు ఒక సాయంత్రంలో అయ్యేది కాదు. మధ్యలో ఆపి, కంప్యూటరు అలాగే ఉంచి, మర్నాడు అక్కణ్ణుంచే తీసేవాడు. మే నుంచి డిసెంబరు దాకా అలా ఆపింది నూటపన్నెండు సార్లు. ఆపిన బస్సు ఒక్కసారి కూడా గజం కదల్లేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

డిసెంబరు ఎనిమిది, మంగళవారం. అయిదున్నరకి ఆటలోని డిపో నుంచి బయలుదేరాడు. వెళ్లాల్సింది ఎనభై కిలోమీటర్లు. నాలుగు రోజులుగా జలుబు, కొంచెం దగ్గు, అంతే అనుకున్నాం. ఆరు దాటాక ఒక స్టాపు ఆపకుండా పోయాడు. రాసుకున్నాను. ఇంకోటి కూడా పోయాడు. ఇన్ని నెలల్లో స్టాపు వదిలిన మనిషి కాదు. కలం పక్కన పెట్టి మొహం చూశాను. పెదవుల రంగు బాగాలేదు. వేలికి ఆక్సిజన్ చూసే మిషను తగిలిస్తే 84 చూపించింది.

ఆరూ పదికి బస్సు ఆపాడు. ఆరూ నలభైకి అంబులెన్సు వచ్చింది. మాస్కు పెట్టి తీసుకెళ్తుంటే నా వైపు తిరిగి, "షీట్ మూసేయకండి అత్తయ్యా. ట్రిప్పు మధ్యలో ఉంది" అన్నాడు.

ఆ షీట్లో ఇలా ఉంది: 38.4 కిలోమీటర్లు, ప్యాసింజర్లు పద్నాలుగు.

తర్వాత అందరికీ కరోనా పరీక్షలు చేశారు. గ్రేస్‌కి కూడా వచ్చింది. పడకగదిలో జ్వరంతో ఉండిపోయింది. నాకూ హన్నాకీ రాలేదు. ఆసుపత్రికి ఎవరినీ రానివ్వరు. రోజూ నాలుగింటికి డాక్టరు ఫోను చేస్తుంది, గ్రేస్ తలుపు సందులోంచి నాకు చెప్తుంది. అంతే మాకు తెలిసేది.

"అమ్మా, ఆ కంప్యూటరు కట్టెయ్" అంది గ్రేస్ రెండో రోజు.

"బండి రోడ్డు మీద ఉందే" అన్నాను. మళ్లీ అడగలేదు.

చేతులు ఊరుకోక, డిపోలో చేసినట్టే పొద్దున ఎనిమిదిన్నరకీ, సాయంత్రం అయిదున్నరకీ తెర చూసి రాయడం పెట్టుకున్నాను. శనివారం సాయంత్రం దాకా అన్ని గడుల్లోనూ 38.4, 14. ఆ శనివారమే అతన్ని నిద్రపుచ్చి వెంటిలేటర్ మీద పెట్టారు.

ఆదివారం పొద్దున 38.4. సాయంత్రం 44.1. ప్యాసింజర్లు పన్నెండు.

హన్నాని పిలిచి గట్టిగానే అడిగాను. "నైన్ అమ్మమ్మా! నేను కాదు! డాడీ బస్ నేనెందుకు ముట్టుకుంటా?" అని సగం జర్మన్‌లో, సగం తెలుగులో ఏడ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఆ ఏడుపు అబద్ధం కాదు. గది తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవినీ నా మెడలో గొలుసుకి పిన్నీసుతో గుచ్చుకున్నాను. గ్రేస్‌కి మంచం దిగి బాత్రూమ్‌కి వెళ్లడమే కష్టంగా ఉంది.

సోమవారం పొద్దున తాళం తీశాను. 51.7. తొమ్మిది మంది.

నా కళ్ల మీద అనుమానం వచ్చింది. అప్పటినుంచి హన్నా చేత చదివించి నేను రాశాను. వాళ్ల బడిలో నేర్పినట్టు జర్మన్‌లో ఒకట్లు ముందు, పదులు వెనక చెప్పేది. రెండోసారి తెలుగులో చెప్పించుకుని సరిచూశాను. నేను చూసిందీ, తను చదివిందీ ఒకటే. మంగళవారం పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా కుర్చీ వేసుకుని తెర ముందే కూర్చున్నాను. ఒక్క అంకె మారలేదు. తాళం వేసి, పిల్లకి రెండు దోసెలు పోసి మళ్లీ వచ్చేసరికి నాలుగు కిలోమీటర్లు జరిగింది.

డాక్టరు చెప్పే అంకె కూడా పక్క గడిలో రాసుకునేదాన్ని. మిషను ఎంత శాతం ఆక్సిజన్ ఇస్తోందో ఆ అంకె. ఎక్కువైతే మనిషి అంత క్షీణించినట్టు. ఆదివారం యాభై. సోమవారం అరవై. మంగళవారం డెబ్భై. బస్సు చివరి స్టాపుకి దగ్గరవుతున్న కొద్దీ అది పెరుగుతోంది. రెండు వరసలూ పక్కపక్కన రాసింది నేనే. కలిసి నడుస్తున్నాయని చూసిందీ నేనే.

బుధవారం నాలుగింటి ఫోను గ్రేస్ తీసింది. తర్వాత తలుపుకి అటువైపు కూర్చుని, "ఎనభై అయిదట అమ్మా. ఈ ఒక్కరోజు చూడాలంట" అంది. నేను ఇటువైపు కూర్చున్నాను. కూతురు ఏడుస్తుంటే తలుపు తీయకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ సంవత్సరం చాలామందికి తెలిసింది.

అయిదున్నరకి తాళం తీశాను. 75.5. బస్సులో ఒక్కరే మిగిలారు. చివరి స్టాపుకి నాలుగున్నర కిలోమీటర్లు.

కంప్యూటరు కట్టేద్దామా అనుకున్నాను. చెయ్యి రాలేదు. మధ్యదారిలో బండిని అలా వదిలేస్తే మనిషి ఎక్కడ దిగుతాడు? అప్పుడు గుర్తొచ్చింది నా ఉద్యోగం. బస్సు బాగా ఆలస్యమైతే చివరిదాకా పోనివ్వం. కంట్రోలర్ ఆ షీటు మీదే ట్రిప్ కట్ అని రాసి సంతకం పెడితే డ్రైవరు ఉన్నచోటు నుంచే బండి తిప్పుకుని వచ్చేయాలి. ఎందుకని అడిగే హక్కు అతనికి లేదు.

షీటు తీసుకుని రాశాను. "ట్రిప్ కట్. 75.5 కి.మీ. వద్ద వెనుకకు త్రిప్పి డిపోకు రావలెను. సా. 5.40." కింద సంతకం పెట్టాను. రిటైరయ్యాక అలాంటి సంతకం పెట్టడం అదే మొదలు. కాగితం మడిచి బైబిల్లో పెట్టి, మోకరించి ప్రార్థన చేసుకున్నాను. హన్నాకి కూడా చెప్పలేదు.

గురువారం పొద్దున 75.5. కదల్లేదు. ఆ రోజు నాలుగింటికి ఎనభై. అయిదున్నరకి తాళం తీస్తే 79.9 ఉంది. చివరిదాకా పోయిందనుకున్నాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూస్తే తెర మూల చివరి స్టాపు పేరు లేదు. ఆ చోట "డిపో" అని ఉంది. మ్యాపులో బాణం ఇటు తిరిగి ఉంది.

అక్కణ్ణుంచి రోజూ కొంచెం కొంచెంగా వచ్చింది. డిసెంబరు ఇరవై నాలుగున వెంటిలేటర్ తీశారు. జనవరి రెండున వార్డుకి మార్చారు. ఆ రోజు బస్సు 150.6 దగ్గర, డిపో గేటు కనపడేంత దూరంలో ఆగింది. తర్వాత రెండు వారాలు అక్కణ్ణుంచి కదల్లేదు.

జనవరి మూడు, ఆదివారం, పదకొండూ ఇరవైకి మొదటిసారి అతనే ఫోను చేశాడు. గ్రేస్ స్పీకర్లో పెట్టింది. గొంతు కీచుగా, ఆగి ఆగి వస్తోంది. భార్యతో మాట్లాడాడు, పిల్లతో మాట్లాడాడు. తర్వాత, "అత్తయ్యా... దగ్గర్లోకి వచ్చేశాక ట్రిప్ కట్ చేశారేంటండీ?" అన్నాడు.

గ్రేస్ నా మొహం చూసింది. ఆ కాగితం నేనెవరికీ చూపించలేదు. "లేటయింది బాబూ" అన్నాను.

"సరే" అన్నాడు. "ఒక్కరే మిగిలారు. దిగమంటే దిగలేదు. డిపో దాకా వస్తానన్నారు."

జనవరి పదహారున ఇంటికి వచ్చాడు. పద్నాలుగు కిలోలు తగ్గాడు. ఆ ఫోను సంగతి అడిగితే ఏమీ గుర్తులేదన్నాడు. గ్రేస్ విన్నది, నేను విన్నాను, హన్నా కూడా విన్నది.

పంతొమ్మిదో తేదీ సాయంత్రం అయిదున్నరకి, మేం ముగ్గురం వెనక నిలబడగా, మెల్లగా కుర్చీలో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. "జాగ్రత్త, కంట్రోలర్ చూస్తున్నారు" అంది గ్రేస్. నవ్వబోయి ఏడ్చింది. మిగిలిన దూరం అతనే నడిపాడు. గేటు దాటి బస్సు నిలబెట్టాక అంకె 151.0. డెబ్భై అయిదున్నర పోవడం, డెబ్భై అయిదున్నర రావడం. తేడా సున్నా.

అతను ఇంజనీరు కదా, తర్వాత కూర్చుని ఆ ఆట రికార్డులన్నీ తీశాడు. డిసెంబరు ఎనిమిది, నలభై నిమిషాలు, 38.4 కిలోమీటర్లు. మళ్లీ జనవరి పంతొమ్మిది, 0.4. మధ్యలో ఏమీ లేదు. "ఆటలో ఏదో తప్పు, బగ్ అయ్యుండొచ్చు అత్తయ్యా" అన్నాడు.

"బగ్గు కూడిక చేస్తుందా?" అన్నాను.

ఇది ప్రార్థనకి జవాబని మా పాస్టరు గారన్నారు. కావచ్చు. నేను ప్రార్థన చేసినమాట నిజమే. కాని దానికి కిలోమీటర్లు ఎందుకో, తాళం వేసిన గదిలో చక్రాలు ఎలా తిరిగాయో ఆయనా చెప్పలేకపోయారు.

ఆ ప్యాసింజరు ఎవరని నేను సుధాకర్‌ని ఒకే ఒక్కసారి అడిగాను. ఇండియాకి బయలుదేరే రోజు, మార్చిలో, విమానాశ్రయానికి కారులో వెళ్తుండగా. అతను అద్దంలో వెనక సీటు వైపు చూశాడు. వెనక సీట్లో ఉన్నది నేను. "గుర్తులేదండీ" అన్నాడు. మలుపు తిరిగాక, "బ్రేకు వేస్తే మాత్రం తిట్టారు" అన్నాడు. వేళాకోళమాడాడో ఏమో నాకు తెలియదు.

షీటు ఆ పంతొమ్మిదినే మూశాను. అతను సంతకం పెట్టాడు, కింద నేను పెట్టాను. డిపోలోకి ప్యాసింజరు రాకూడదు, అది నియమం. అయినా తెర మీద ఉన్నదే రాయాలి కాబట్టి ఆ గడిలో ఒకటి అని రాశాను. పక్కన రిమార్కుల గడి ఉంది. అలాంటిదేదైనా జరిగితే కారణం రాయాల్సింది అక్కడే. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆ గడి ఖాళీగా వదిలి నేను షీటు మూసింది లేదు. ఇది ఖాళీగానే ఉంది.