పెద్దల్లుడు బిగించిన కంప్యూటర్

మా తోడల్లుడంటే నాకు ఇప్పటికీ పడదు. కారణం ఒక కంప్యూటర్ అని చెబితే నవ్వుతారు. నవ్వండి. ఆదివారం మధ్యాహ్నం, కడుపునిండా తిన్న అత్తవారి మనుషులందరూ చూస్తుండగా, నల్లబడిపోయిన స్క్రీన్ ముందు వెర్రిమొహం వేసుకుని కూర్చుంటే తెలుస్తుంది. నేను చాలా ఆదివారాలు అలా కూర్చున్నాను.

మాది మధురానగర్‌లో ఫ్లాట్. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో గొంతు అరిగేలా పాఠాలు చెప్పి వస్తాను. నాకున్న సరదా ఒక్కటే, వీడియో గేములు. మంచి గేమింగ్ కంప్యూటర్ కోసం ఏళ్లతరబడి కలలు కని, చివరికి పంజాగుట్టలో ఒక షాపులో విడిభాగాలన్నీ కొన్నాను. బిగించి ఇస్తానని షాపతను అన్నాడు. మా మామగారు ఒప్పుకోలేదు. ఎర్రమంజిల్‌లో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషాయన. ఇంట్లో ఇప్పటికీ ఆయన తల ఊపనిదే ఏదీ కదలదు.

"పెద్దల్లుడుగారు ఉండగా పరాయివాళ్ల చేతికెందుకు బాబూ? ఆయనకి బాధగా ఉండదూ?" అన్నారు.

పెద్దల్లుడంటే మా ఆవిడ అక్క భర్త. బంజారాహిల్స్‌లో కాపురం, పెద్ద కంపెనీలో ఉద్యోగం, తెలియనిదంటూ లేని మొహం. సొంత స్క్రూడ్రైవర్ల పెట్టెతో దిగాడు. మా డైనింగ్ టేబుల్ మీద బట్ట పరిచి, నన్ను కూడా దగ్గరికి రానివ్వకుండా అన్నీ బిగించాడు. మా ఆవిడ క్యాబినెట్‌కు కుంకుమబొట్టు పెట్టింది. మామగారు కొబ్బరికాయ కొట్టి, పెద్దల్లుడి చేతిలో కొత్త బట్టలు పెట్టారు. కంప్యూటర్ కొనుక్కున్న నాకు కొబ్బరిముక్క దక్కింది.

మొదటి వారంలోనే దాని జబ్బు బయటపడింది. కంప్యూటర్‌కు బుర్రలాంటిది ప్రాసెసర్. దాని నెత్తిన వేడిని లాగేసే లోహపు దిమ్మ ఒకటి, దానికో ఫ్యాను ఉంటాయి. ఆ రెంటినీ కలిపి కూలర్ అంటారు. మా దాంట్లో కూలర్ ఉన్నా లేనట్టే. మామూలు పనులకు బాగానే ఉండేది. ఆట మొదలుపెడితే మాత్రం వేడి తొంభై డిగ్రీలు దాటేది, ఫ్యాను విమానంలా అరిచేది, కాసేపటికి మొత్తం ఠప్పున ఆగిపోయేది.

మా అత్తవారింట్లో అల్లుళ్లు కలిస్తే పేకాట ఆడడం ఆనవాయితీ. ఈ కంప్యూటర్ వచ్చాక పేకముక్కలు పోయి ఫుట్‌బాల్ గేమ్ వచ్చింది. అందరూ మా ఇంటికే వచ్చేవాళ్లు. సోఫాకు ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యలో రిఫరీగా మామగారు. మొదటిసారి ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోగానే తోడల్లుడు ఒక రూలు పెట్టాడు. ఆట ఆగిపోతే ఇంటివాడు ఓడినట్టే. మామగారు సరేనని తల ఊపారు. ఇంకేముంది, శాసనమైపోయింది.

ఆ తరువాత నేను ఒక్క ఆట కూడా గెలవలేదు. మొదటి సగంలో గోలు మీద గోలు వేసేవాణ్ని. ఆయన కంగారే పడేవాడు కాదు. బంతిని వెనక్కి, ఇంకా వెనక్కి తన్నుకుంటూ, ఆవులిస్తూ కూర్చునేవాడు. రెండో సగంలో స్క్రీన్ నల్లబడేది.

"మళ్లీ ఓడిపోయావా తమ్ముడూ! ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఇప్పుడు కంప్యూటర్ మీదకి నెడతావు చూడు," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. మా ఆవిడ కూడా నవ్వేది. వాళ్లు వెళ్లిపోయాక మాత్రం వంటింట్లో గిన్నెల చప్పుడు గట్టిగా వినబడేది. వాళ్ల అక్క మొగుడి ముందు తన మొగుడు వారం వారం చేతకానివాడవడం ఆమెకు ఎక్కడ గుచ్చుకుంటోందో నాకు తెలుసు. నాకూ అక్కడే గుచ్చుకునేది.

కంప్యూటర్‌ను ఎత్తుకుని పంజాగుట్ట షాపుకే పోయాను. అతను ముందు క్యాబినెట్‌కు ఇంకో రెండు ఫ్యాన్లు తగిలించాడు. దానివల్ల గోల పెరిగింది తప్ప వేడి తగ్గలేదు. రెండోసారి పోతే, "అన్నా, గీ కూలర్ ఒకపాలి ఇప్పి జూస్తే ఖతం. జర ఇడ్సిపెట్టి పో, ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఇంట్లో అడిగి చెప్తానన్నాను. ఆ మాటకు అతను నన్ను అదోలా చూశాడు. తన కంప్యూటర్ విప్పడానికి మామగారి అనుమతి కావలసిన మనిషిని అతనెన్నడూ చూసి ఉండడు.

ఇంట్లో అడిగాను. మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పెద్దల్లుడు బిగించింది ఎవరిచేతో విప్పిస్తే ఆయన్ని తప్పుపట్టినట్టు కాదూ?" అన్నారు. వదినగారు మొహం ముడుచుకున్నారు. తోడల్లుడు ఫోన్ చేసి మరీ, "నేను బిగించిన కూలర్ మీద ఇంకొకడి చెయ్యి పడితే నా మర్యాద దక్కదు. హైదరాబాద్ ఎండలకి ఎవరి కంప్యూటరైనా అంతే తమ్ముడూ," అన్నాడు. పెద్దరికం ముందు నోరు మూసుకున్నాను. క్యాబినెట్ పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి గాలి కొట్టించాను.

మా ఆవిడ పుట్టినరోజుకు అందరూ వచ్చారు. తోడల్లుడు రంగుకాగితం చుట్టిన పొట్లం ఒకటి నాకే ఇచ్చాడు, విప్పమన్నాడు. విప్పాను. అట్లపెనం.

"ఇంకా గ్యాస్ దండగ ఎందుకు? దీన్ని కంప్యూటర్ మీద పెట్టుకోండి," అన్నాడు. మామగారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. పుట్టినరోజు మా ఆవిడది, నవ్వులపాలు మా ఇద్దరిదీ. ఆమె ఆ పెనం కడిగి, తుడిచి, అటక మీద పెట్టింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లగానే స్క్రూడ్రైవర్ తీశాను. పెద్దరికం పాడుగాను, కూలర్ పీకేశాను. కింద లోహపు దిమ్మకు పల్చని ప్లాస్టిక్ రేకు అతుక్కుని ఉంది. కొత్త వస్తువు మీద గీతలు పడకుండా కంపెనీవాళ్లు అంటించే రేకు. బిగించే ముందు పీకేయాలని దాని మీద ఎర్రటి అక్షరాలతో రాసే ఉంది. వేడికి అంచులు ముడుచుకుపోయాయి. ఇన్నాళ్లూ ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య అది అడ్డం కూర్చుంది.

మరిచిపోయాడేమో అనుకున్నాను. ఆ తరువాత ఆ ఆవులింతలు గుర్తొచ్చాయి. గోలు మీద గోలు పడుతున్నా కంగారు లేకుండా బంతిని వెనక్కి తన్నే ఆ నిమ్మళం గుర్తొచ్చింది. ఇంకొకడి చెయ్యి పడకూడదన్న ఆ ఫోన్ గుర్తొచ్చింది. నా మద్దెల నిజంగానే ఓడు. ఓడు చేసినవాడే నాకు సామెత చెబుతున్నాడు. ఒళ్లు మండిపోయింది.

రేకు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ప్రాసెసర్ తుడిచి, వేడిని కూలర్‌కు అందించే పేస్టు కొత్తగా రాసి, కూలర్ మళ్లీ బిగించాను. గంటలకొద్దీ ఆడినా చల్లగా ఉంది. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. పాత గోల పాతలాగే ఉండాలని ఫ్యాన్లను పూర్తి వేగానికి పెట్టాను. ఆదివారానికి నేనే ఫోన్లు చేసి అందరినీ పిలిచాను.

"ఇంకా కాలుతూనే ఉందండీ అన్నయ్యగారూ, ఏం చెయ్యాలో తోచట్లేదు," అన్నాను వాళ్లు రాగానే, వీలైనంత దీనంగా.

"పెనం వాడట్లేదా ఏంటి?" అన్నాడాయన సోఫాలో సర్దుకుంటూ.

మొదటి సగంలోనే మూడు గోల్స్ వేశాను. ఆయన ఆవులించాడు. రెండో సగంలో బంతిని వెనక్కి తన్నడం మొదలుపెట్టాడు. ఫ్యాన్లు అరుస్తున్నాయి. ఆయన ఒకసారి క్యాబినెట్ వైపు చూశాడు. ఇంకాసేపటికి మళ్లీ చూశాడు. ఆపైన చూపు దాని మీద నుంచి తిప్పుకోలేదు. ఆయన చేతుల్లో కంట్రోలర్ ఉంది, స్క్రీన్ మీద ఆయన ఆటగాళ్లు గోడలకు గుద్దుకున్నట్టు తిరుగుతున్నారు, నేను గోల్స్ వేస్తూనే ఉన్నాను. ఆయన కళ్లు మాత్రం ఆ డబ్బా మీదే. మెడ పక్కన చెమట కారింది. చూసి నాకు కడుపు నిండింది. జాలి అనేది దరిదాపుల్లో లేదు.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో అట్లకాడ పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఆయన్నే చూస్తోందో తెలియదు.

"బావగారూ, ఆట ఇటు జరుగుతోందండీ," అంది, స్క్రీన్ వైపు అట్లకాడ చూపిస్తూ.

ఎవరూ నవ్వలేదు. వదినగారు తలవంచుకుని గాజులు సర్దుకున్నారు. ఆట చివరిదాకా సాగింది. స్క్రీన్ నల్లబడలేదు. మామగారు కాసేపు క్యాబినెట్‌ను, కాసేపు పెద్దల్లుణ్ని చూసి, "చిన్నల్లుడుగారు గెలిచారు," అన్నారు మెల్లగా. ఆ సాయంత్రం టిఫిన్‌కు అట్లు పోసింది మా ఆవిడ. అటక మీద నుంచి ఆ పెనమే దింపింది. తోడల్లుడు ఒక్క అట్టు తిని, ఏదో పనుందని లేచాడు.

లిఫ్టు దాకా నేనే సాగనంపాను. వదినగారు ముందే లోపలికి వెళ్లారు. జేబులోంచి ఆ రేకు తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"అన్నయ్యగారూ, మీ వస్తువొకటి మా ఇంట్లో ఉండిపోయింది."

ఆయన దాన్ని చూశాడు. ఏమీ తెలియనివాడైతే ఇదేంటని అడగాలి కదా. అడగలేదు. మడిచి జేబులో పెట్టుకుని లిఫ్టు ఎక్కాడు.