అమీర్‌పేటలో నెట్ వేట

అరకు ఘాట్ రోడ్డులో బస్సుల మీద రాళ్లు పడకుండా కొండకు ఇనుప నెట్ కట్టే పని నాది. వానలు మొదలయ్యే ముందే అది ఒకచోట తెగింది. సాయంత్రం లారీకి కొత్తది ఎక్కించాలని మేస్త్రీ నన్ను హైదరాబాద్ తోలాడు.

అమీర్‌పేటలో నెట్ ఎక్కడ దొరుకుతుందని ఎవరినడిగినా మైత్రీవనం వైపే చెయ్యి చూపించారు. ఎక్కిన ప్రతి కంప్యూటర్ కోచింగ్ ఆఫీసులోనూ ఒకటే పాట.

"డాట్ నెట్ అండీ? మూడు నెలల కోర్సు."

"అన్నాళ్లు రాళ్లు ఆగవమ్మా!"

ఐదో తరగతిలోనే బడి ఎగ్గొట్టినవాణ్ణి పట్టుకుని ఇంజనీరును చేసేదాకా వదిలేలా లేరు. మధ్యాహ్నం దాటింది. ఒళ్లు మండి, ఆటో ఎక్కి డ్రైవర్ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని అతను వెనక్కి తిరిగాడు.

"అన్నా, నీకు జాలి గావాల్నా?"

"నీ జాలి ఎవడిక్కావాలయ్యా! నాక్కావాల్సింది నెట్!"

"అరె, జర ఆగు భాయ్! గా ఇనుప నెట్‌నే మేం జాలి అంటం. పంజగుట్టల మా బావకు దుకాణమే ఉన్నది."

దుకాణం ముందు దిగి, సిగ్గు చంపుకుని అరిచాను.

"అయ్యా, జాలి ఉందా?"

"మస్తున్నది అన్నా. ఎంత గావాలె?"

"కొండంత," అన్నాను.