పరీక్షకు ముందు పథ్యం

మొన్న ఉప్పల్‌లో రక్తపరీక్షకు వెళ్తే, సూది గుచ్చే అమ్మాయి "రాత్రి ఏం తిన్నరు మేడం?" అని అడిగింది. చుక్కకూర పప్పు అని ఉన్నమాటే చెప్పి, నాలో నేనే నవ్వుకున్నాను. ఈ ప్రశ్నకు ఉన్నమాట చెప్పడం ఒకప్పుడు మా మేనత్త దగ్గర పెద్ద నేరం.

అత్తది నాచారం. మల్లాపూర్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడి ప్యాకింగ్ చేసేది. ఒక ఎండాకాలం ఎడమ పిక్క వాచి, ఎర్రబడి, అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు దవాఖానాలో. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పట. రక్తం గడ్డకట్టకుండా గోలీలు రాసిచ్చి, నెలనెలా పరీక్షకు రమ్మన్నారు, దాన్నిబట్టి డోసు మారుస్తామన్నారు. ఆకుకూరలు తింటే గోలీ బలం తగ్గుతుంది కాబట్టి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా చూసుకోమన్నారు. అత్త చెవికెక్కింది సగమే, ఆకుకూర తినొద్దని. పాపం, ఆకుకూర లేనిదే ఆవిడకు ముద్ద దిగదు. పాలకూర, తోటకూర, గంగవాయిలికూర, ఏది వండినా ఆ వెల్లుల్లి పోపు ఘుమఘుమ వీధి మలుపు దాకా వచ్చేది. నేను రామంతాపూర్ నుంచి షేర్ ఆటో ఎక్కి వెళ్లేది సగం అత్త కోసం, సగం ఆ పోపు కోసం.

అత్త ఒక ఉపాయం కనిపెట్టింది. పరీక్షకు వారం ముందు నుంచి పథ్యం. చారు, మెతుకులు, అంతే. రక్తం ఇచ్చి వచ్చిన మధ్యాహ్నమే తోటకూర పొయ్యెక్కేది. రిపోర్టు చూసిన డాక్టరమ్మ రక్తం మరీ పల్చబడిందని డోసు తగ్గించేది. రోగం తగ్గినందుకే గోలీ తగ్గించారని అత్త ఒకటే మురిసిపోయేది. ఇదంతా నాకు తెలుసు. ఎవరికీ చెప్పొద్దని గిన్నెనిండా పప్పు పెట్టి నా నోరు మూయించింది. సిగ్గులేకుండా తిన్నాను.

మూడో నెలలో కాలు మళ్ళీ వాస్తే నేనే దవాఖానాకు తీసుకెళ్లాను. గోలీలు సరిగ్గా వేసుకుంటున్నా ఇలా ఎందుకైందో డాక్టరమ్మకు అంతుపట్టలేదు. అత్త గోడకేసి చూస్తోంది. ఈమె పోతే ఆ పాపం నాదేననిపించి, పథ్యం సంగతంతా కక్కేశాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. "కూర మానుమని నేనెప్పుడన్ననమ్మా? రోజు ఎంత తింటవో గంతే తిను, గట్లనే తిని పరీక్షకు రా. దానికి సరిపోను గోలీ నేనిస్త," అంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త ఒక్క మాటే అంది. "నా ఇంట్ల తిని, నా గుట్టు దవాఖానల విప్పినవ్ గదనే."

తర్వాత నెల రోజులు నాతో పలకలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకుంది. నేను ఏడ్చాను కూడా. ఆ నెల గడిచాక ఏమీ జరగనట్టే నోరు విప్పి, ఇంకో పదకొండేళ్లు నా చెవులు చిల్లులు పడేలా మాట్లాడుతూ బతికింది. ఆ పదకొండేళ్లు ఎటు పోయాయో తెలియదు కానీ, ఆవిడ పలకని ఆ నెలలో ఒక్కో రోజూ నాకు ఇప్పటికీ గుర్తుంది.