వెనక పట్టా కింద చెక్కలు

మా ముత్తాత గోదావరి జిల్లాలో మూడు ఊళ్ళకు మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. మా తాత రైసు మిల్లులు తాకట్టు పెట్టి మద్రాసులో సినిమాలు తీశారు, ఆ మిల్లులను విడిపించుకున్నారు కూడా. మా నాన్నగారు పరిశ్రమతో పాటు హైదరాబాదు తరలివచ్చి, జూబ్లీ హిల్స్‌లో బండలు పగలగొట్టించి ఇల్లు కట్టారు. లైట్లు, జనరేటర్లు, క్రేన్లు, యూనిట్ బస్సులు అన్నీ ఆయనవే. ఎవరు అవుట్‌డోర్ షూటింగ్ పెట్టుకున్నా ముందు మా ఆఫీసుకు కబురు వచ్చేది. గొప్పకు చెప్పడం లేదు. ఇది తెలియకపోతే ఒక సీటు బాగు చేయించడానికి నేనెందుకు అంత పంతం పట్టానో అర్థం కాదు.

ఆ ఇల్లు చేతులు మారిపోయి, ఇప్పుడు అమ్మా నేనూ ఫిల్మ్ నగర్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. నాన్నగారి సరంజామాలో మాకు మిగిలింది ఒక్క వ్యాన్. ఆ రోజుల్లో హీరోలకు కూడా కారవాన్‌లు లేవు. చెట్టు కింద కుర్చీ వేసుకుని మేకప్ చేయించుకునేవారు. అప్పుడే నాన్నగారు ఒక మినీ బస్సు కొని, లోపలి సీట్లన్నీ పీకించి, తనతో షూటింగ్‌లకు వచ్చే అమ్మ కోసం చిన్న ఇల్లులా చేయించారు. ఒక మూల గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, బట్టల బీరువా. కిటికీ గోడ వెంట పొడుగ్గా ఒక బల్ల సీటు. పగలు దాని మీద నలుగురు కూర్చోవచ్చు. కింది పిడి పట్టి లాగితే సీటు చిన్న చక్రాలతో, బండి ముందు వైపొకటి వెనక వైపొకటి అడ్డంగా వేసిన రెండు ఇనుప పట్టాల మీద నడుస్తూ వ్యాన్ మధ్యకు వచ్చేది. వెనక ఆనుకునే దిండు ఆ ఖాళీలో పడి మంచమయ్యేది. చివర ఒక ఇనుప పిన్ను కన్నంలో పడి సీటును కదలకుండా పట్టుకునేది.

నా చిన్నప్పుడు ఆ మంచం మీద అమ్మ పక్కన పడుకుని అరకు వెళ్ళాను, హార్స్‌లీ హిల్స్ వెళ్ళాను. కిటికీలో కొమ్మలు వెనక్కి పోతూ ఉండేవి. అమ్మ చీరకు కాఫీ గింజల వాసన. ముందు బస్సులో యూనిట్ వాళ్ళు పాడుతుంటే వినిపించేది. ఆ పాటలు ఒక్కటీ గుర్తులేవు. వాళ్ళ గొంతులు దూరమవుతూ దగ్గరవుతూ ఉండడం మాత్రం గుర్తుంది.

ఈ మాఘమాసంలో భీమవరం నుంచి మా మేనమామ ఫోన్ చేశారు. ఆయన మనవరాలి పెళ్ళి. అమ్మకు వెన్నెముక ఆపరేషన్ అయింది, ఎక్కువసేపు కూర్చోకూడదన్నారు డాక్టరు. మామయ్యకు ఆ సంగతి తెలుసు. రైల్లో పడుకుని వచ్చేయమనీ, స్టేషన్‌కు కారు పంపిస్తాననీ అన్నారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే పుట్టింట్లో ఏ పెళ్ళి జరిగినా అమ్మ పందిరి ముందు సొంత బండి దిగింది. దిగగానే వదినలు చెంబుతో నీళ్ళు తెచ్చేవాళ్ళు. ఎవరో పంపిన కారు కోసం స్టేషన్ బయట ఎదురు చూసింది లేదు.

ఫోన్ పెట్టేశాక అమ్మ అడిగింది.

"మన సీటు ఇంకా తెరుచుకుంటుందా?"

తెరుచుకుంటుందన్నాను. చూడకుండానే అన్నాను. ఆ సాయంత్రమే వెళ్ళి పిడి పట్టి లాగాను. సీటు సగం దాకా వచ్చి, ఒక మూల ముందుకూ ఇంకో మూల వెనక్కూ పోయి బిగుసుకుపోయింది.

వ్యాన్‌ను మా ఫ్లాట్‌కు రెండు వీధుల అవతల, ఒక ప్రొడక్షన్ ఆఫీసు పక్క ఖాళీ స్థలంలో పెట్టుకుంటాం. స్టూడియో వ్యాన్లకు సీట్లు బిగించే మెకానిక్ ఒకాయన ఎర్రగడ్డ నుంచి వచ్చాడు. నా ఈడువాడే, నోరు ఊరుకోదు. పరుపు తీసి, మోకాళ్ళ మీద వంగి సెల్ ఫోన్ లైటు వేసి చూసి, అక్కణ్ణుంచే నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏంది సార్ ఇది, ఎవడు బిగించిండు? ముందు పట్టా కింద ఏం లేదు, వెనక పట్టా కింద గింత ఎత్తు చెక్కలు పెట్టిండ్రు. మంచం గిట్ల వంగి ఉంటే మీ అమ్మగారు జారి జారి డ్రైవర్ ఒళ్ళో పడ్తది."

వంగి చూశాను. నిజమే. వెనక పట్టా కింద నాలుగు వేళ్ళ మందాన టేకు చెక్కలు బోల్టులతో బిగించి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ బరువంతా ముందు పట్టా మీదికి వాలి అక్కడి చక్రాలు ఒక పక్క అరిగిపోయాయట. చక్రాలు మారుస్తాననీ, ఆ చెక్కలు తీసెయ్యకపోతే మాత్రం మళ్ళీ ఇదే కథ అనీ అన్నాడు.

ఆ పని మా నాన్నగారి యూనిట్‌లో జరిగిందనీ, అక్కడ ఏదీ వంకరగా బిగించరనీ చెప్పాను. చెక్కలు ముట్టుకోవద్దన్నాను.

"నాన్నగారు మంచోరే ఉంటరు సార్. పట్టానే వంకరుంది. పోనీ, ఫోన్ చేసి అడుగుండ్రి మరి."

ఆయన లేరన్నాను. అతను నాలుక కరుచుకుని చక్రాలు విప్పడంలో పడ్డాడు.

కొత్త చక్రాలు వేశాక సీటు బయటికైతే వచ్చింది. పిన్ను మాత్రం కన్నంలో పడలేదు. వేలెడు పక్కకు ఆగిపోతోంది. పిన్ను పడకపోతే బ్రేకు వేసిన ప్రతిసారీ సీటు కదులుతుంది. ఆపరేషన్ అయిన వెన్నుతో అమ్మను దాని మీద పడుకోబెట్టలేను. మెకానిక్ పిన్ను సాగదీశాడు, కన్నాన్ని ఆకురాయితో పెద్దది చేస్తానన్నాడు, నేను వద్దన్నాను. పెళ్ళి ఆ వారంలోనే ఉంది. రైలు టికెట్టు చూసుకోవడం మంచిదేమో అని అతను మెల్లగా అన్నాడు. నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు. ఎవరి మీదో తెలియలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మతో చెప్పాను. ఎర్రగడ్డ నుంచి వచ్చినవాడు నాన్నగారి పనికి వంకలు పెడుతున్నాడనీ, వెనక పట్టా కింద చెక్కలు తీసేయమంటున్నాడనీ. అమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టి నవ్వింది.

"అవి నాన్నగారు పెట్టించినవి కావురా. నేను పెట్టించాను."

మా ఇంటి గేటు నుంచి పోర్టికో దాకా వాలుగా ఉండేది. కొండ మీద కట్టిన ఇల్లు కదా. నేను రెండో తరగతికి వచ్చాక అమ్మ అవుట్‌డోర్‌లకు వెళ్ళడం మానేసింది. వ్యాన్ ఆ వాలు మీదే, ముక్కు ఇంటి వైపు పెట్టి ఉండిపోయేది. ఇల్లు పెద్దదే, కాని మధ్యాహ్నం అందులో ఖాళీ అంటూ ఉండేది కాదు. భోజనం వేళకు గేటు దాటి వచ్చినవాడు తినకుండా వెళ్ళకూడదని నాన్నగారి పట్టుదల. రచయితలు, మేనేజర్లు, వేషాల కోసం వచ్చినవాళ్ళు, వాళ్ళ డ్రైవర్లు. తిన్నవాళ్ళు వెంటనే వెళ్ళేవారా అంటే అదీ లేదు. హాల్లో కథా చర్చలు, మేడ మీద పేకాట, అతిథుల గదుల్లో ఎవరో ఒకరు నిద్ర. అమ్మ గదిలోనూ నాన్నగారు ఎవరితోనో తలుపేసుకుని మాట్లాడుతూ ఉండేవారట. అందరికీ వడ్డించి, తాను ఇంత తిని, అమ్మ దిండు పట్టుకుని వ్యాన్‌లోకి వెళ్ళి పడుకునేది. వాలు వల్ల నిద్రలో కాళ్ళ వైపు జారిపోతుంటే, ఒకరోజు సెట్లు వేసే వడ్రంగిని పిలిచి వెనక పట్టా ఎత్తించింది. దాంతో మంచం సమంగా వచ్చింది.

"ఎంత ఇల్లయినా, నాది అనుకున్న చోటు అదేరా."

నేను ఆ వేళకు బడిలో ఉండేవాణ్ణి. నాకు తెలిసిన అమ్మ పొద్దున్నా సాయంత్రమూ ఉన్న అమ్మ. ఆ ఇంటి గదులన్నీ ఇప్పటికీ కళ్ళు మూసుకుని తిరగగలను. ఏ మెట్టు దగ్గర గచ్చు పగిలిందో చెప్పగలను. ఆ ఇల్లు పోయినందుకు నేను పడ్డ బాధ అమ్మ కూడా పడుతోందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అమ్మ బెంగపడింది వాలు మీద ఆగి ఉన్న ఆ వ్యాన్ కోసం.

మెకానిక్‌కు ఫోన్ చేసి చెక్కలు తీసెయ్యమని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. వ్యాన్‌లో ఒక్కసారి ఆ ఇంటి దగ్గరికి వెళ్ళొద్దామా అని అమ్మను అడిగాను. వద్దంటుందనుకున్నాను. లేచి చీర మార్చుకుంది.

ఫిల్మ్ నగర్ నుంచి పైకి ఎంతో దూరం లేదు. ఇంటి స్థానంలో ఇప్పుడు అద్దాల రెస్టారెంటు ఉంది. గేటు మార్చారు కాని వాలును ఏమీ చేయలేకపోయారు, కింద అంతా బండ. మధ్యాహ్నం రద్దీ అయిపోయి అక్కడ కార్లు పలచగా ఉన్నాయి. ముక్కు పైకి పెట్టి వ్యాన్ ఆపాను. కార్లు పార్కు చేసే మనిషి పరుగెత్తుకొచ్చి, ఇంత పెద్ద బండి ఇక్కడ పెట్టొద్దన్నాడు. ఇది ఎవరి ఇల్లో అతనికి చెప్పాలని నోటిదాకా వచ్చింది. అంతలో అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నడుం నొప్పి నాయనా. కాసేపు వాల్చుకుని వెళ్ళిపోతాం."

"పండుకో అమ్మా, ఏం ఫికర్ లేదు. మా మేనేజర్ వస్తే జర బండి తీయుండ్రి, అంతే."

లోపలికి వెళ్ళి పిడి లాగాను. సీటు సాఫీగా వచ్చింది. పిన్ను టక్కుమని కన్నంలో పడింది. నేను తోయనైనా లేదు. అమ్మ కిటికీ వైపు తిరిగి పడుకుంది. దిండు సమంగా ఉంది, అమ్మ సమంగా ఉంది. బయట గాజు గోడ, అందులో ఎవరివో పుట్టినరోజు బుడగలు. అమ్మ అవి చూస్తోందో, కళ్ళు మూసుకుందో నా వైపు నుంచి కనిపించలేదు.

నేను కిందికి దిగి తలుపు దగ్గర నిలబడ్డాను. బడి ఎగ్గొట్టి ఒక్క మధ్యాహ్నమైనా ఆ వ్యాన్ తలుపు తీసి ఉంటే బాగుండేదనిపించింది. అమ్మ జరిగి చోటు ఇచ్చేది. ఇంట్లో భోజనాలకు వచ్చినవాళ్ళెవరికీ మేమెక్కడున్నామో తెలిసేది కాదు.

పార్కింగ్ మనిషి మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు. ఆ గేటులో ఒకరి చేతి నీళ్ళు తీసుకోవడం నాకు అదే మొదటిసారి. తీసుకున్నాను, థాంక్స్ చెప్పాను.

కాసేపటికి అమ్మ పిలిచింది. లేపి కూర్చోబెట్టాను. జుట్టు సర్దుకుని, దిండు కొట్టి పక్కన పెట్టింది.

"చెక్కలు తీయించెయ్. ఇల్లు వాళ్ళకిచ్చి దాని వాలు మనం మోసుకు తిరుగుతున్నాం."

నేను వంగి ఆ చెక్కలను చేత్తో తడిమాను.

"భీమవరం దాకా నేను జారుతూ వెళ్ళాలా ఏంటి?" అంది మళ్ళీ.

ఆ సాయంత్రమే మెకానిక్ చెక్కలు విప్పాడు. ఎందుకు పెట్టారో చెబితే, పని ఆపి విన్నాడు. "అట్లనా సార్. మరి ముందే చెప్పొద్దా, ఊకె తిట్టిన" అన్నాడు. పట్టా కింద రేకు ముక్కలు పెట్టి సమం చేశాడు. సీటు ఖాళీ స్థలంలోని చదును నేల మీద మంచమై, పిన్ను పడి నిలిచింది. విప్పిన చెక్కలను అతను టైర్ల కిందికి పనికొస్తాయని అడిగితే ఇచ్చేశాను.

పెళ్ళికి అమ్మ సొంత బండిలో వెళ్ళింది. సూర్యాపేట దాటాక నిద్రపోయింది. అద్దంలో చూస్తూ నడిపాను, గతుకులు వచ్చినచోట నెమ్మది చేస్తూ. పందిరి ముందు నేను చెయ్యి పట్టి దింపుతుంటే అత్తయ్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. అమ్మ నడుం నిటారుగా పెట్టుకుని, ఎవరి భుజమూ పట్టుకోకుండా పీట దాకా నడిచింది. తిరుగు ప్రయాణంలో మాత్రం నొప్పి ఎక్కువైంది. ఇంక ఇంత దూరాలు తన వల్ల కావని అమ్మే అంది.

ఎండాకాలం మొదట్లో వ్యాన్ అమ్మేశాం. కొన్నాయన టిఫిన్ బండి పెట్టుకుంటానని లోపల ఖాళీగా కావాలన్నాడు. సీటునూ, పట్టాలనూ విడిగా ఎర్రగడ్డలో పాత ఇనుము కింద అమ్మాం.