మళ్ళీగారి జనాభా లెక్క

జిల్లా కచేరీలో జనాభా లెక్కలు రాసే ఆ గుమాస్తాకు ఒకటే జబ్బు. దేన్నీ ఒక్కసారి లెక్కపెట్టి ఊరుకోడు. చివరిదాకా వచ్చి, నాలుక కరుచుకుని, "మళ్ళీ మొదట్నుంచి!" అంటాడు. అందుకే జిల్లాలోని ముప్పై ఊళ్ళలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. మళ్ళీగారు, అంతే.

పెళ్ళైన కొత్తలో భార్యను కూడా రెండుసార్లు లెక్కపెట్టాడని చెప్పుకునేవారు. భోజనాల దగ్గర ఆయన పిల్లల తలలు ఎంచుతుంటే ఆవిడ, "ఇద్దరేనండీ. నిన్నా ఇద్దరే. నాకు తెలియకుండా ఎలా పెరుగుతారు?" అనేది.

"నిన్నటి లెక్క నిన్నటిది," అనేవాడాయన, వేలు దించకుండానే.

ఆ ఏడాది ఆయన కొండవతల ఊళ్ళో బండి దిగేసరికి అక్కడి నర్సమ్మ గుండెల్లో రాయి పడింది. నాలుగువందల మంది లేని ఊరికి ఆస్పత్రి దండగని పైనుంచి హుకుం. ఆస్పత్రంటే ఎంతని? ఒక గది, రెండు మంచాలు, నర్సమ్మ. అది మూతపడితే నొప్పులొచ్చిన ఆడవాళ్ళు పద్నాలుగు మైళ్ళు బండిలో ఊగుతూ పోవాలి.

సోమవారం ఊరంతా వరసలో నిలబడింది. బండివాడి భార్య నిండు నెలలతో ఆయాసపడుతుంటే మళ్ళీగారు కుర్చీ వేయించాడు. "ఇంకెన్నాళ్ళు?" అని నర్సమ్మను అడిగాడు.

"వారం లోపు. ఆ సంగతి వదిలేయండి, లెక్కెంత తేలింది?"

"మూడువందల తొంభైతొమ్మిది."

"ఒక్కటేగా బాబూ, వేసేయండి."

"కంటికి కనబడని తల కాగితం ఎక్కదమ్మా." అంతలోనే నాలుక కరుచుకున్నాడు. "మళ్ళీ మొదట్నుంచి!"

మంగళవారమూ అదే అంకె. బుధవారం బావి తవ్వేవాడు పైకి రాకపోతే, నడుముకు తాడు కట్టుకుని తనే దిగి, వాడి నెత్తి తట్టి వచ్చాడు. అదే అంకె. గురువారం మంగలి నలుగురికి గుండు గీశాడు. పోల్చుకోలేక మళ్ళీ!

"అయ్యా, గొర్రెలు కూడా ఇన్నిసార్లు నిలబడవు," అన్నాడు ఊరిపెద్ద.

"ఒకసారి మూయిస్తే చాలదా బాబూ?" అంది నర్సమ్మ. "నా ఆస్పత్రిని రోజూ మూయించాలా?"

పై అధికారి ఫోనులో కేకలేశాడు. "ఎన్నిసార్లయ్యా లెక్కపెట్టడం?"

"అది మాత్రం లెక్కపెట్టలేదండి. మళ్ళీ మొదట్నుంచి..."

"శుక్రవారం అయిదింటికి అంకె చెప్పకపోతే నీ ఉద్యోగం ఊడుతుంది!"

శుక్రవారం నాలుగింటికి బండివాడి భార్యకు నొప్పులొచ్చాయి. నర్సమ్మ ఆమెను గదిలోకి తీసుకుపోయింది. బయట మళ్ళీగారు చెమటలు కక్కుతూ ఎంచుతున్నాడు. "రెండువందల పది... నువ్వు ఇందాక ఎడంపక్కన లేవూ? మళ్ళీ!"

"ఆయన నోరు పడిపోనూ," అనుకుంది నర్సమ్మ, నీళ్ళు కాగబెడుతూ.

అయిదుకు పది నిమిషాలుండగా గదిలో బిడ్డ కేరుమంది. నర్సమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి గుమ్మంలోకి తెచ్చింది. మళ్ళీగారు కళ్ళజోడు తుడుచుకుని ఆ గుప్పెడు తలను చూశాడు.

"నాలుగువందలు," అని పుస్తకం మూసేశాడు.

ఊరంతా ఆయన నోటివైపే చూసింది. ఆయన "మళ్ళీ" అనలేదు!

"ఇంకోసారి ఎంచరా?" అంది నర్సమ్మ.

"ఎందుకమ్మా? ఒకసారి చాలు."

ఆమె చటుక్కున ఒంటి చేత్తో పుస్తకం లాక్కుని తెరిచింది. సోమవారం పేజీలోనే, బండివాడి ఇంటి కింద ఒక పేరుకు సరిపడా గీత ఖాళీగా వదిలి ఉంది. పక్కన పెన్సిలుతో: "నర్సమ్మ మాట: వారం లోపు."

ఆమె ఏదో అనబోయేలోపు లోపల్నుంచి బాలింత కేకేసింది. నర్సమ్మ బిడ్డను ఆయన చేతుల్లో పెట్టి పరుగెత్తింది. ఆ వెంటనే గదిలోంచి ఆమె గొంతు ఊరంతా వినబడింది:

"బాబూ, పుస్తకం మూయకండి! మళ్ళీ!"