శుక్రవారం గోళ్ల పరీక్ష

కర్నూలులో నేను చేరిన బ్యూటీషియన్ కోర్సుకు గోళ్ల పరీక్ష శుక్రవారం పడింది. ఎవరి గోళ్లకు పని చేసి చూపిస్తామో ఆ మనిషిని మనమే వెంట తీసుకెళ్లాలి. నాకోసమని పిన్ని నెల నుంచీ గోళ్లు పెంచింది. తీరా ఆ పొద్దున బయలుదేరమంటే ఏ వారమో అప్పుడే గుర్తొచ్చింది ఆమెకు.

"శుక్రారం గోర్లు తీసుకుంటారా యాడన్నా? ఇంట్లో లచ్చిమి నిలుస్తాదా?"

నేను ఫెయిలవుతానని అరిచినా కదల్లేదు. ఒళ్లు మండిపోయింది.

గొడవ విని పక్కింటి ముస్లిం అక్క వచ్చింది. "మాకు శుక్రారమే మంచిది, నేనొస్తా పా. రంగు మాత్రం వెయ్యొద్దు, మద్దేనం నమాజు ఉండాది. రంగుంటే చేతులు కడుక్కున్నా నీళ్లు గోరుకు తగలవు, నమాజు చెల్లదు."

కత్తిరించి నునుపుగా అరగదీయడానికే ఎక్కువ మార్కులు కనుక దండం పెట్టి తీసుకెళ్లాను.

పరీక్ష పెట్టే మేడమ్ నా చేతిలోని నెయిల్ కట్టర్ చూసి ముఖం చిట్లించింది.

"శుక్రవారం పూట కత్తిరింపులేందమ్మా? అది వదిలెయ్. రంగేసి చూపించు, చాలు."

అక్క రెండు చేతులూ చున్నీలోకి లాక్కుంది.

పరీక్ష పోగొట్టుకుని ఇంటికొచ్చేసరికి, పిన్ని ఆ పొడుగు గోళ్లకు ఎర్రరంగు వేసుకుని ఆరడానికి ఊదుకుంటూ ఉంది.