అబిడ్స్ ఇవ్వనన్న మనిషి

రిటైర్ కావడానికి ఏడాది ముందు నన్ను నాంపల్లిలోని ఒక దవాఖానకు సీనియర్ స్పీచ్ థెరపిస్టుగా వేశారు. పక్షవాతంతో మాట పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పడం మా పని. ఆ వానకాలంలో యేసురత్నం వచ్చాడు. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాడు. కొన్నా కొనకపోయినా, ఆగిన ప్రతివాడికీ ఒక పొడుపు కథ వేసేవాడట.

ఆయనకు వచ్చింది అఫేసియా. వస్తువు తెలుస్తుంది, దాని పేరు నోటికి రాదు. మా పద్ధతి ప్రకారం బొమ్మల కార్డులు చూపించి పేర్లు అడిగాను. వారాలు గడిచినా ఒక్క మాట లేదు. పైగా నేను అడగడమే ఆలస్యం, భార్య మార్తమ్మ జవాబు చెప్పేసేది. "జర ఆగమ్మా!" అని ఎన్నిసార్లు కసిరానో! నెలాఖరు రివ్యూకీ ఇట్లాగే ఉంటే థెరపీ ఆపేసి, వేలితో చూపించే చార్టు ఇచ్చి ఇంటికి పంపాలన్నారు పెద్ద డాక్టరు. అది విని మార్తమ్మ కూలబడిపోయింది. నాకూ మనసు మనసులో లేదు.

రివ్యూ ముందురోజు కార్డులు పక్కన పడేశాను. ఇంట్లో పొడుపు కథలు ఎట్లా ఆడతారని మార్తమ్మను అడిగాను.

"మా మెదక్ దిక్కు ఇప్పలేకపోతే ఊరియ్యాలె మేడమ్. ఓడినోళ్లు ఒక ఊరి పేరు చెప్పి, ఇచ్చిన అనాలె. గప్పుడే జవాబు చెప్తరు. ఈయన ఇన్నేండ్లల్ల ఎన్నడు ఊరియ్యలే," అంది.

సరే, చూద్దామని ఆయన వైపు తిరిగాను. "నీళ్లల్ల పుడుతది, నీళ్లల్ల పడితే కరుగుతది. ఏందన్నా అది?"

పెదాలు కదిలాయి, మాట రాలేదు. మార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని జవాబును ఎట్లాగో ఆపుకుంది.

"రాదా? అయితే ఊరియ్యి. నాకు అబిడ్స్ కావాలె," అన్నాను.

ఆయన ముఖం కందగడ్డ అయింది. బాగున్న చెయ్యి టేబుల్ మీద దబ్బున పడింది.

"ఇయ్య!" అన్నాడు.

మార్తమ్మ భోరుమంది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచడమెందుకు? మర్నాడు పెద్ద డాక్టరు ముందు చార్మినార్ అడిగాను. అదీ ఇవ్వలేదు. థెరపీ కొనసాగింది. "ఉప్పు" అనేసరికి చలికాలం వచ్చింది.

ఆలోచించి చెప్పే జవాబు కంటే ఉక్రోషంలో వచ్చే మాట ముందు తిరిగొస్తుందని మేం చదువుకున్నదే. ఎవరి ఉక్రోషం ఎక్కడుంటుందో మాత్రం పాఠంలో ఉండదు. అందుకే ఆ తర్వాత కొత్త పేషెంటు వస్తే, కార్డులు తీసే ముందు, ఈ మనిషి దేన్ని వదులుకోడని ఇంటివాళ్లను అడిగేదాన్ని.